నీతి క్లాసులో నా నిర్వాకం

ఇలా దగ్గరికి రా తల్లీ. ఆ ఫోను బోర్లా పెట్టి, ఈ దిండు వీపుకి ఆనించుకుని కూర్చో. ఈ సంగతి మీ నాన్న చెబితే సగం మింగేస్తాడు. మీ అమ్మ చెబితే నన్ను వెనకేసుకొస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పగలిగేది నేనొక్కదాన్నే, తప్పు చేసింది నేనే గనక.

నువ్వింకా పుట్టలేదు. మీ అమ్మ కాలేజీలో పాఠాలు చెప్పడానికి కొత్తగా చేరిన ఏడాది అది. పెద్ద పెద్ద స్తంభాల కాలేజీ అనుకునేవు, కాదు. ఒకపక్క పని చేసుకుంటూ, మధ్యలో రెండు గంటలు చదువుకునేవాళ్ళ కోసం పెట్టిన కమ్యూనిటీ కాలేజీ. వైరింగు నేర్పే గది ఒకటి, జుట్టు కత్తిరించడం నేర్పే గది ఒకటి, రోగులకి సేవ చేయడం నేర్పే గది ఒకటి. వాటి మధ్య తలుపు మీద "నీతిశాస్త్రం, తత్వం" అని కాగితం అంటించిన గది మీ అమ్మది. ఎవరు ఏ పని నేర్చుకుంటున్నా ఆర్నెల్లు ఆ గదిలో కూర్చుంటే గానీ పట్టా చేతికిచ్చేవారు కాదు. "ఇంట్లో మా అమ్మ ముందు నోరు లేవదు గనక అక్కడికి పోయి నీతులు చెబుతోంది" అని మీ నాన్న ఏడిపించేవాడు. మీ అమ్మ నవ్వేసి ఊరుకునేది.

నేనక్కడికి ఎలా పోయానంటావా? ఆ ఏడాది మేమున్న మేడలో నీళ్ళ గొట్టాలు మార్చారు. మధ్యాహ్నమయ్యేసరికి గోడలకి కన్నాలు వేసే మోత, పంపులో చుక్క నీరు రాదు. "ఈ దుమ్ములో ఒక్కరూ ఏం కూర్చుంటారు, నాతో రండి అత్తయ్యా" అంది మీ అమ్మ. సంచిలో ఊలు, అల్లిక సూదులు పడేసుకుని బయల్దేరాను. ఆరు వారాలు వెనక బెంచీ నాదే.

ఆ గది ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. గోడ అవతల మోటారు మెకానిక్కుల గది. మీ అమ్మ "మనిషి ఎందుకు బతకాలి" అని మొదలుపెట్టిందో లేదో, అవతల ఎవడో సుత్తితో ధణేలున కొట్టేవాడు. మూలన నర్సింగు వాళ్ళ అస్థిపంజరం చక్రాల మీద నిలబడి ఉండేది. తాళాలు బాగుచేసే ఆయన ఒకాయన వచ్చేవాడు, నడివయసు మనిషి, మంచి మాటకారి. గదిలోకి వస్తూనే దాన్ని పలకరించి, "మా క్లాసులో బుద్ధిమంతుడంటే ఈయనేనండీ, ఎదురు ప్రశ్న వెయ్యడు" అనేవాడు.

ఎదురు ప్రశ్నంటే గుర్తొచ్చింది. మీ అమ్మ జవాబు చెప్పదు. అడిగిన ప్రశ్ననే తిప్పి మన ఒళ్ళో పడేస్తుంది. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అంటే "సరిపోవడమంటే ఏంటత్తయ్యా" అంటుంది. ఆకలేసేవాళ్ళకి ఒళ్ళు మండదూ!

బల్ల మీద ఒక అట్టపెట్టె ఉండేది, బూట్లు కొన్న పెట్టె. మూత మీద చీలిక. తమ పనిలో ఎటూ తేలని చిక్కేదైనా ఎదురైతే, పేరు పెట్టకుండా కాగితం మీద రాసి అందులో వేయాలి. మీ అమ్మ దాన్ని "ముడి" అనేది. గురువారం గురువారం ఒక కాగితం తీసి, రాసినవాళ్ళు కాకుండా ఇంకొకరు చదివేవారు. తక్కినవాళ్ళంతా ఆ ముడి విప్పడానికి కుస్తీ పట్టేవారు. ఆ పెట్టెకున్న నియమాలన్నీ మొదటిరోజే మీ అమ్మ అరగంట చెప్పిందట. "అట" అంటున్నానేమంటే, ఆ అరగంటా నేను కుట్లు లెక్కపెట్టుకుంటున్నాను.

మూడో గురువారం కాగితం చదవడం అంబులెన్సు నడిపే అమ్మాయి వంతు. నిలబడి గడగడా చదివింది.

"నేను కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తాను. మొన్న ఒకాయన వచ్చాడు. బస్సు డ్రైవరు. కుడికన్ను దాదాపు పోయింది. రిటైరవడానికి రెండేళ్ళే ఉంది, ఎవరికీ చెప్పొద్దని నా చేతులు పట్టుకున్నాడు. చెప్పనా, మాననా?"

ఇంక చూడు, గదిలో గోల.

"పాపం, నమ్మి వచ్చాడు. చెప్పేస్తే రేపు ఇంకెవరైనా కళ్ళు చూపించుకుంటారా?" అంది వృద్ధాశ్రమంలో పనిచేసే ఆయమ్మ.

"పాపమేంటక్కా! ఆయన గుద్దితే రోడ్డు మీద ఏరుకోవాల్సింది నేను" అంది అంబులెన్సు అమ్మాయి.

"ముందు ఆయనకే గడువివ్వాలి. వారంలో నువ్వే చెప్పుకో, లేకపోతే నేను చెబుతానని" అన్నాడు తాళాలాయన.

"ఆ వారంలోనే గుద్దితే?"

"అప్పుడు నీకు ఫోన్ చేస్తాం."

అందరూ నవ్వారు. మీ అమ్మ సుద్దముక్క తిప్పుకుంటూ, "నమ్మింది ఆయనొక్కడేనా? బస్సెక్కే నలభై మంది కూడా ఎవర్నో నమ్మే ఎక్కుతున్నారు కదా?" అంది. మళ్ళీ ప్రశ్నే!

నేను మాత్రం ఆ ముడిలో లేను. నా బుర్ర తొమ్మిదో నంబరు బస్సెక్కేసింది.

నా జ్ఞాపకశక్తి నీకు తెలుసుగా. ముప్పై ఏళ్ళ కిందట ఎవరింట్లో ఏ కుర్చీకి కాలు విరిగిందో ఇప్పుడడిగినా చెబుతాను. మీ అమ్మకి ఇంకో క్లాసుండేది గనక, నేను రోజూ తొమ్మిదో నంబరులో ఒక్కదాన్నే ఇంటికొచ్చేదాన్ని. దాని డ్రైవరు మీసాలాయన. అంతకు ముందు వారమే నా స్టాపు దాటించి తీసుకుపోయాడా! ఎదురు బస్సువాడు చెయ్యి ఊపితే చూడనట్టే పోయాడా! చొక్కా జేబులో కొత్త కళ్ళద్దాల పెట్టె! పైగా, "ఇంకో రెండేళ్ళు లాగితే చాలమ్మా, ఇంటిపట్టున ఉంటా" అని స్వయంగా నాతోనే అన్నాడు. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రం ఆ బస్సే ఎక్కాను. ఎక్కాక ఇంక కూర్చోలేకపోయాను. రాడ్డు పట్టుకుని నాలుగు స్టాపుల ముందే దిగిపోయి, మోకాళ్ళ నొప్పులతో ఇంటికి నడిచాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మీ తాతయ్య ఊరికే అన్నాడా! ఎదురింటావిడ తలుపు తీసేసరికి చెప్పేశాను. "ఎవరితోనూ అనకు వదినా" అని కూడా అన్నాను. మందుల షాపాయనకి చెప్పి, ఎవరితోనూ అనకు నాయనా అన్నాను. మర్నాడు స్టాపులో బస్సు కోసం నిలబడ్డ ఇద్దరికి చెప్పాను, వాళ్ళతోనూ అదే మాట. కుడికన్ను సంగతి విడిచిపెట్టానా? లేదు. అదే ముందు చెప్పాను.

మూడు రోజులు తిరక్కుండానే, తొమ్మిది వచ్చి ఆగితే మా స్టాపులో జనం కాలు కదపడం మానేశారు. వెనకాల వచ్చే పదిహేనో నంబరు కోసం మెడలు చాచి చూసేవారు. మీసాలాయన తలుపు తెరిచి, కాసేపు చూసి, మూసుకుని ఖాళీ బస్సు తోలుకుపోయేవాడు. అది చూసి నేనేమనుకున్నానో తెలుసా? నలభై మంది ప్రాణాలు కాపాడాననుకున్నాను. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మళ్ళీ గురువారం వచ్చింది. అంబులెన్సు అమ్మాయి కూర్చోకుండానే మొదలుపెట్టింది. "మేడం, తొమ్మిదో నంబరు డ్రైవర్ని బస్సు దింపేశారు. కళ్ళు కనపడవని డిపోకి ఒకటే ఫోన్లట. సోమవారం చూపు పరీక్ష. అప్పటిదాకా బస్సులు కడగమన్నారు. కుడికన్నే అంటున్నారు అందరూ."

గోడ అవతలి సుత్తి కూడా ఆగిందంటే నమ్ము. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటున్నారు. మీ అమ్మ సుద్దముక్క బల్ల మీద పెట్టేసింది. "ఈ గదిలోంచే పోయిందన్నమాట" అంది మెల్లగా.

నేను సూదులు ఒళ్ళో పెట్టి, తలెత్తి, "నేనే చెప్పాను" అన్నాను. గర్వంగా అన్నాను తల్లీ.

"ఏం చెప్పారత్తయ్యా?"

"ఆ కాగితంలో ఉన్నది మన మీసాలాయనేనే! మీరందరూ చెప్పాలా వద్దా అని కొట్టుకుంటుంటే, నేను మనిషినే పట్టేశాను."

తాళాలాయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు. మీ అమ్మ నా బెంచీ దగ్గరికొచ్చి పక్కన కూర్చుంది.

"అత్తయ్యా, ఆ కాగితంలో బస్సు లేదు."

"లేకపోవడమేంటే? ఆ పిల్ల చదివిందిగా!"

"పెట్టెలో వేసేముందు ముడికి వేషం మార్చాలి. మనిషిని మార్చాలి, పని మార్చాలి, చోటు మార్చాలి. చిక్కు ఒక్కటే అసలుది. బస్సని రాశారంటే అసలు మనిషి బస్సు తప్ప ఇంకేదైనా నడుపుతూ ఉండొచ్చు. కన్నని రాస్తే కన్నే కాకపోవచ్చు. మొదటిరోజే చెప్పాను."

"నేను... కుట్లు లెక్కపెట్టుకుంటున్నానే."

ఎవరో కిసుక్కుమన్నారు గానీ, ఆ నవ్వు అక్కడే చచ్చిపోయింది. ఆయమ్మ లేచింది. "ఏమనుకోకండి మేడం. వేషం మార్చి రాసినా ఇంతపని జరిగిందంటే భయమేస్తోంది" అని, పెట్టె మూత తీసి, తన కాగితం వెతికి తీసుకుంది. ఆమె వెనకాలే ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. ఏడెనిమిది మంది తీసుకున్నాక మీ అమ్మ చేతిలో ఖాళీ అట్టపెట్టె మిగిలింది. ఆ పెట్టె పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే నాకు నేల విచ్చుకుంటే బాగుండుననిపించింది.

అయినా నా నోరు ఊరుకుంటేనా! "పోన్లెండర్రా, సోమవారం పరీక్షవుతుంది. కళ్ళు బాగున్నాయని తేలితే మళ్ళీ బస్సెక్కుతాడు. అంతటితో సరిపోతుంది" అన్నాను.

"సరిపోదమ్మా" అన్నాడు తాళాలాయన. "వాళ్ళది మా వీధే. ఇదంతా తన బావమరిది చేసిన పనని ఆయన అనుకుంటున్నాడు. అతను అదే డిపోలో మెకానిక్కు. పేపరు చదవడానికి అద్దాలు కొన్నానని ఆయన చెప్పింది ఆ బావమరిదికి ఒక్కడికేనట. మొన్న నడివీధిలో నిలబెట్టి, నా నోటి దగ్గర కూడు లాగేస్తావా అని అనరాని మాటలన్నాడు. ఇంట్లో ఆవిడ తమ్ముడి గడప తొక్కడం మానేసింది."

ఉరుము ఉరిమి ఎక్కడో పడ్డట్టు, నేను అన్న మాటకి ఏ పాపమూ ఎరగనివాళ్ళు ఇద్దరయ్యారు.

"ఏం చెయ్యనే ఇప్పుడు?" అన్నాను మీ అమ్మతో.

"మీరేమనుకుంటున్నారత్తయ్యా?"

"ఛీ! ఇంట్లో అదే, ఇక్కడా అదే! ఒక్కసారైనా తిన్నగా చెప్పవేం?"

"నేను చెబితే, నేను పంపానని వెళ్తారు" అంది. అని నా భుజం మీద చెయ్యి వేసింది. తియ్యలేదు చాలాసేపు.

మర్నాడు పొద్దున్నే ఒక్కదాన్నే డిపోకి పోయాను. మేనేజరు కుర్రవయసు వాడు, పెన్ను చెవిలో దోపుకుని ఉన్నాడు. అంతా విన్నాడు.

"ఆయనకి కళ్ళు కనపడవని మీరు చూశారా, విన్నారా?"

"అనుకున్నాను బాబూ."

"అనుకున్నాను అనే రాయమంటారా?"

"అదే రాయి."

రాశాడు. సంతకం పెట్టాను, వంకరటింకరగా. "ఫిర్యాదు వచ్చాక పరీక్ష తప్పదమ్మా. జనం ఎక్కడం లేదు గనక, పరీక్షలో నెగ్గినా గోదాములో వేద్దామనుకున్నాను. ఈ కాగితం ఉంది గనక బస్సే ఇస్తాను. కానీ జనాన్ని ఎక్కించడం నా చేతిలో లేదు" అన్నాడు.

మీసాలాయన వెనక ఆవరణలో ఉన్నాడు. కాళ్ళకి రబ్బరు బూట్లు, ఒక చేతిలో పొడుగు చీపురు, ఒక చేతిలో నీళ్ళ పైపు. నన్ను చూసి, "ఏమ్మా, ఆ రోజు నాలుగు స్టాపుల ముందే దిగిపోయారు? ఒంట్లో బాలేదా?" అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"అద్దంలో చూశాను."

చూశావా, ఆయన చూపు ఎలాంటిదో! అడుసు తొక్కినదాన్ని కాలు కడుక్కోక తప్పుతుందా, మొత్తం చెప్పేశాను. క్లాసు, కాగితం, ఎదురింటావిడ, కుడికన్ను. ఆయన వింటూ పైపు కట్టడం మరిచిపోయాడు. నీళ్ళు నా చెప్పుల మీదుగా పోతున్నాయి.

"నీళ్ళు పోతున్నాయి నాయనా."

"పోనీండి." చీపురు గోడకి ఆనించి, "నేను మీకేం చేశానమ్మా? మీరెక్కి కూర్చునేదాకా బండి కదిపేవాణ్ణి కాదే" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. "మరి నా స్టాపు దాటించావుగా ఆ వారం" అన్నాను.

"మీ ఆడపడుచు కాన్పు కథ చెబుతున్నారు మీరు. సరిగ్గా బిడ్డ బయటపడే దగ్గర మీ స్టాపొచ్చింది. నేనూ వింటూ ఉండిపోయాను."

"ఎదురు బస్సాయన చెయ్యి ఊపితే?"

"వాడితో నాకు మాటల్లేవు."

ఇంక నా దగ్గర సాక్ష్యాలేవీ మిగల్లేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన పైపు కట్టి, మొహం తుడుచుకున్నాడు.

"నాకు కాదమ్మా చెప్పాల్సింది, మా వాడికి చెప్పండి. నేను వాణ్ణి అనకూడని మాటలన్నాను."

"నువ్వూ రా."

"నాకు మొహం చెల్లదు."

"నాకు చెల్లుతోందా? పద."

షెడ్డులో ఒక బస్సు కింద రెండు బూట్లు కనిపించాయి. బావమరిది చక్రాల చెక్క మీద వెల్లకిలా పడుకుని ఏదో బిగిస్తున్నాడు. పిలిస్తే బయటికి రాలేదు. చేసేదిలేక ఆ బూట్లకే చెప్పాను కథంతా. నా జన్మలో బూట్లతో అంతసేపు మాట్లాడింది లేదు. రెంచి చప్పుడు మధ్యలోనే ఆగింది.

"ఇంకోసారి చెప్పండి, మొదట్నుంచి" అంది గొంతు కిందనించి.

మళ్ళీ చెప్పాను.

"మా బావ విన్నాడా?"

"పక్కనే ఉన్నాడు బాబూ."

"ఏం చేస్తున్నాడు?"

"నేల చూస్తున్నాడు."

"చూడమనండి. చూపు బాగానే ఉందిగా. తగ్గింది బుద్ధే."

మీసాలాయన మీసాలు వణికాయి. నవ్వో ఏడుపో తెలియలేదు. "ఒరేయ్, బయటికి రారా" అన్నాడు.

"రాను. నడివీధిలో తిట్టావు, నడివీధిలోనే చెప్పు. మా ఆవిడా మా అక్కా ఇద్దరూ వినాలి."

"చెబుతాన్రా. నువ్వు రా ముందు."

చెక్క గరగరమంటూ బయటికొచ్చింది. మొహమంతా నూనె మరకలు. బావ చెయ్యందించాడు, ఇతను ఆ మసిచేత్తోనే పట్టుకుని లేచాడు. లేచి, నావైపు తిరిగి, "మీరు కూడా అమ్మగారూ. ఏ స్టాపులో మొదలుపెట్టారో అక్కడే చెప్పాలి" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. నిజమే, తీసుకోలేం. కానీ వెనకాల పరిగెత్తొచ్చు.

ఆ సాయంత్రమే బావ తన మాట నిలబెట్టుకున్నాడని తాళాలాయన చెప్పాడు. వీధివీధంతా గుమ్మాల్లోకొచ్చి విన్నారట. సోమవారం పరీక్షలో మీసాలాయన చివరి వరస చిన్నక్షరాలు కూడా చదివాడట. మంగళవారం పొద్దున తొమ్మిదో నంబరు మా స్టాపుకొచ్చేసరికి నేను ముందే నిలబడి ఉన్నాను. జనం ఎప్పట్లాగే పదిహేను కోసం చూస్తున్నారు. ఇంత మాటకారినైనా, నోరు పెగలడానికి ఎంత సేపు పట్టిందో! తలుపు తెరుచుకున్నాక పట్టుబట్టి అరిచాను.

"వినండర్రా! ఈయన కళ్ళు బంగారంలా ఉన్నాయి. కనపడవని పుట్టించింది నేను. ఏమీ తెలియకుండా, ఊహించి చెప్పాను."

ఎదురింటావిడ బుగ్గ మీద చెయ్యి వేసుకుంది. "అదేంటి వదినా! నేను మా చెల్లెలి ఊరిదాకా చెప్పానే!"

"అయితే ఫోన్ చేసి, తప్పని చెప్పు."

కొందరు ఎక్కారు. కొందరు నన్ను అదోలా చూసి పదిహేనుకే ఆగారు. అబద్ధం ఎక్కినంత తొందరగా నిజం ఎక్కదమ్మా. తొమ్మిది రోజులు వరసగా ఆ స్టాపులో నిలబడి అదే మాట చెప్పాను. మందుల షాపులోనూ చెప్పాను. పదో రోజుకి సీట్లు నిండి, నాకే నిలబడాల్సొచ్చింది. మీసాలాయన అద్దంలో చూసి, "ఎవరైనా పెద్దావిడకి చోటివ్వండి" అన్నాడు. అంతే, మరో మాట లేదు. నాతో మునపటిలా కబుర్లాడటానికి ఇంకో రెండు నెలలు పట్టింది. మీ అమ్మ పెట్టెలో కాగితాలు పడటానికీ అంతే పట్టింది. ఆ కాగితం రాసిందెవరో, అసలు మనిషెవరో నాకు ఇప్పటికీ తెలీదు. నెలరోజులు మీ అమ్మ కాళ్ళావేళ్ళా పడ్డాను. తెలిసినా చెప్పేది కాదు గానీ, తనకీ తెలీదట.

ఇదీ సంగతి. నువ్వు దీన్ని మనసులో పెట్టుకో తల్లీ. రేపు నీ స్నేహితులకి చెప్పు, ఎల్లుండి నీ పిల్లలకి చెప్పు. బూట్ల దగ్గర నవ్వుతారు, నవ్వనీ. మా నానమ్మ పెద్దది, పాపం, తెలియక చేసిందని మాత్రం సర్దకు. ఆ రోజు క్లాసులో "నేనే చెప్పాను" అన్నప్పుడు నేను తలెత్తి, గర్వంగా అన్నాను. ఆ ముక్క వదిలిపెట్టకుండా చెప్పు.